ఊరికే నోరు తాకించానంతే

తెల్లారేసరికి పెరట్లో ఆప్రికాట్ చెట్టు విరగబూసింది. రాత్రి పడుకునేటప్పుడు అన్నీ మొగ్గలే. పొద్దున చూస్తే కొమ్మ కనిపించకుండా ఒకటే తెలుపు. కిటికీ దగ్గర నిలబడ్డ మర్జాన్‌కి తను ఇంకా నిద్రలోనే ఉన్నానేమో అనిపించింది. కలలో కూడా అంతా ఇలాగే ఉంది మరి. కలలో ఆమె ఒక పల్చటి తెర. ఎవరింటి కిటికీకో వేలాడుతోంది. గాలి వస్తే లేస్తోంది, ఆగితే దిగుతోంది. కాళ్ళు లేవు, మోకాళ్ళు లేవు, మోకాళ్ళ నొప్పులు అసలే లేవు.

స్కర్టు హుక్కు పెట్టుకోబోయేసరికి ఆ కల కాస్తా వదిలిపోయింది. హుక్కుది ఒక దారి, కాజాది ఒక దారి. ఊపిరి బిగబట్టి లాగినా రెండూ కలవలేదు. షిమ్‌కెంట్‌లో వాళ్ళ పేటలో సగం ఇళ్ళకి కిటికీ తెరలు కుట్టే మనిషికి సొంత స్కర్టు వదులు చేసుకోవడం పెద్ద పనేం కాదు. ఆ పని కిందటి నెలే అయిపోయింది. ఇక వదలడానికి లోపల బట్ట లేదు. పిన్నీసు పెట్టి, పైనుంచి పొడుగాటి స్వెట్టరు దించేసుకుని, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి నడిచింది.

అత్తగారు ఉల్బికె అప్పటికే పొట్టి బల్ల ముందు కూర్చుని టీ పోస్తోంది. ఆ ఇంట్లో టీ ఎప్పుడూ సగం కప్పే. ఆ ఇంట్లోనేమిటి, ఊరంతా అంతే. కప్పు నిండా పోశారంటే తాగేసి బయల్దేరమని అర్థం. కొంచెం కొంచెం పోస్తూ మళ్ళీ మళ్ళీ కప్పు అందుకోవడంలోనే ప్రేమంతా ఉంది.

"రా తల్లీ, గుడ్డు చల్లారిపోతోంది."

మర్జాన్ గుడ్డు సగం కొరికి, నమిలి నమిలి మింగి, కంచం పక్కకి జరిపింది. "దిగట్లేదు అపా." ఆ ఊళ్ళో తల్లినైనా అత్తనైనా, పెద్దావిడ ఎవరినైనా అపా అనే పిలుస్తారు.

"పిచ్చుక నయం నీకంటే," అన్నాడు ఆమె భర్త ఎర్మెక్, రొట్టె మీద గుర్రపు మాంసం ముక్క సర్దుకుంటూ. "గాలి పీల్చి బతుకుతున్నావా ఏంటి?"

"గాలి పీలిస్తే లావవుతారా నాన్నా?" అంది తొమ్మిదేళ్ళ ఇంజు, బడి సంచి భుజానికి తగిలించుకుంటూ. "అమ్మ బుగ్గలు మళ్ళీ వచ్చేశాయి."

"ఏయ్!" ఉల్బికె గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "ఒకరి తిండి గురించి మాట్లాడతారటే? ఎక్కడ నేర్చుకున్నావు ఆ బుద్ధి? పో, బడికి పో."

పిల్ల మూతి ముడుచుకుని పోయింది. మర్జాన్ పాలూ చక్కెరా కలిపిన టీ తాగుతూ కూర్చుంది. కప్పు ఖాళీ అయ్యేది, అత్తగారి చెయ్యి వచ్చేది, మళ్ళీ సగం నిండేది. ఈలోగా బౌర్సాక్ గిన్నె ఆమె వైపు ఎలా జరిగిందో తెలీదు. నూనెలో పొంగిన ఆ పిండి ఉండల్లో ఒకదాని కొస తుంచి జామ్‌లో అద్దింది. కొసే కదా! ఉల్బికె టీ పోసినంతసేపూ కిటికీ బయటికి చూస్తూనే ఉంది. "పూలు చూశావా మర్జాన్, మంచు పడినట్టు లేదూ?" అంది.

"మంచే అపా," అంది మర్జాన్ కలలోలాగా.

రెండేళ్ళ కిందట ఆమె ఇలా లేదు. కిటికీ ముందు నిచ్చెన వేసుకుని ఎక్కలేకపోయేది. చక్కెర జబ్బు, రాత్రిళ్ళు ఊపిరాడకపోవడం, మెట్టు మెట్టుకీ కూర్చోవడం. అప్పుడు ఎర్మెక్ పట్టుబట్టి ఆపరేషన్ చేయించాడు. కడుపు కత్తిరించి అరటిపండంత చేశారు. ఆ తర్వాత ఏడాదంతా ఆమె ఎండలో పెట్టిన వెన్నలా కరిగిపోయింది. ఉల్బికె ఇంట్లో కొవ్వు వంటలు తగ్గించింది, కోడలి కోసం మాంసం మెత్తగా ఉడికించి దారాల్లా చీల్చి పెట్టింది. మర్జాన్ నిచ్చెన చివరి మెట్టెక్కి పెద్ద పెద్ద కిటికీలకి తెరలు కడుతుంటే కింద నిలబడ్డవాళ్ళు, "గాలికి ఎగిరిపోయేవు జాగ్రత్త!" అని ఆటపట్టించేవాళ్ళు. ఆ మాట వినడానికే ఆమె ఇంకో ఇల్లు ఎక్కువ తిరిగేది.

చిక్కంతా ఆ తిరుగుడులోనే వచ్చింది. గడపలోకి వచ్చిన మనిషి కనీసం రొట్టె తుంచి నోటికి తాకించందే ఆ ఊళ్ళో ఎవరూ బయటికి పంపరు. తినాలని లేదు, తాకిస్తే చాలు. తాకించకుండా వెళ్తే ఆ ఇంటిని కాదన్నట్టే. మర్జాన్ కిటికీ కొలిచేది, నోరు తాకించేది. బట్ట చూపించేది, నోరు తాకించేది. తెర కట్టి దిగేది, నోరు తాకించేది. అరటిపండంత కడుపులో మాంసం రాయిలా కూర్చుంటుంది గానీ తియ్యటి టీ, జామ్, జెంత్ మిఠాయి, చాక్లెట్ అలా జారిపోతాయి. జారిపోయినదాన్ని తిండి అని ఎవరంటారు? ఇంటికొచ్చి, "ఇవాళ ఏం తిన్నావు?" అని భర్త అడిగితే ఆమె నిజాయితీగానే చెప్పేది, "ఏమీ తినలేదు. ఊరికే నోరు తాకించానంతే," అని.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ బరువు చూసింది, రక్తపరీక్ష కాగితం చూసింది, కళ్ళజోడు తీసింది.

"చక్కెర మళ్ళీ వచ్చేసింది. తగ్గిన బరువు సగానికి సగం వెనక్కొచ్చింది. ఏం తింటున్నారు?"

"ఏమీ తినను డాక్టర్. రెండు ముక్కలు దిగితే గొప్ప."

"తినకుండా ఎవరూ పెరగరమ్మా. నేను కోసింది కడుపుని. చేతిని కాదు. చెయ్యి అంతే ఉంది. ఇలాగే నడిస్తే ఇంకో ఏడాదికి ఆపరేషన్ చేయించుకోని మనిషికీ మీకూ తేడా ఉండదు. ఇంకోసారి కోయడానికి కూడా అక్కడేం మిగల్లేదు."

వెంట వచ్చిన ఎర్మెక్ కుర్చీలో ముందుకి జరిగాడు. పిండి మరలో పనిచేసే మనిషి, కోపమొచ్చినా చల్లగానే మాట్లాడతాడు. "మా అమ్మండీ. పాతకాలం మనిషి. పొద్దున లేస్తే బల్ల మీద దస్తర్‌ఖాన్ పరిచి పెడుతుంది, అన్నీ దాని మీదే ఉంటాయి. పెద్దావిడ చేత్తో అందిస్తే కోడలు కాదనలేదు కదా."

"అవునా?" డాక్టరమ్మ మర్జాన్ వైపు తిరిగింది.

అప్పుడు చెప్పొచ్చు. కాదు, ఆవిడ నా నోట్లో ఏమీ కుక్కలేదు అని ఒక్క ముక్క చెప్పొచ్చు. మర్జాన్ ఆ గది కిటికీ వైపు చూసింది. దానికి తెర లేదు, వెలుతురు బోలెడంత లోపలికి పడుతోంది. ఆ వెలుతురులో ఏదో తేలిపోతున్నట్టు అనిపించి తల దించుకుంది. ఊపిందో లేదో ఆమెకే తెలీదు. వాళ్ళిద్దరూ అవుననే అనుకున్నారు, ఆమె అనుకోనిచ్చింది.

 ఇంట్లో అడుగుపెట్టగానే ఎర్మెక్ మొదలుపెట్టాడు.

"అపా, ఆ బల్ల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ తీసేయ్."

ఉల్బికె పైకి చూసింది. "ఏమైందిరా? డాక్టరేమంది?"

"ఏమంటుంది? మీరు కోసి తగ్గించిందంతా మా ఇంట్లో మళ్ళీ పెంచుతున్నామని నన్నే చెప్పమంటావా? బౌర్సాక్, జామ్, వెన్న, మీగడ! ఎవరి కోసం అపా ఇదంతా? చక్కెర మళ్ళీ వచ్చిందట. మోకాళ్ళు మళ్ళీ పోతాయి. ఇదే జబ్బుతో నాన్న కాళ్ళు ఎలా పోయాయో నువ్వు చూడలేదా? నీ ప్రేమతో దాన్ని చంపేస్తావా?"

చివరి మాట నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోలేకపోయాడు. గుమ్మంలో మర్జాన్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఉల్బికె కొడుకుని చూసింది, కోడలిని చూసింది. కోడలి మీద ఆ చూపు ఒక్క క్షణం ఆగింది. అందులో అడగడం లేదు, నిలదీయడం లేదు. తర్వాత ఆవిడ బల్ల మీద రొట్టె తునకలు అరచేత్తో దగ్గరికి చేరుస్తూ, "సరేలేరా. నా చెయ్యే అలాంటిది. పెట్టకుండా ఉండలేదు," అంది.

"అంతేనా?"

"ఇంకేం చెప్పమంటావు? రేపు లెంగెర్ వెళ్తాను. మీ చెల్లి ఎన్నాళ్ళ నుంచో రమ్మంటోంది. నేను లేకపోతే ఈ ఇంట్లో దస్తర్‌ఖాన్ ఉండదు. దస్తర్‌ఖాన్ లేకపోతే జబ్బూ ఉండదు."

"అలిగి వెళ్తున్నావా?"

"అలకేంట్రా, ముసలిదాన్ని."

ఆచారం ప్రకారం చిన్న కొడుకు ఇల్లే తల్లికి ఇల్లు, ఉల్బికెకి చిన్న కొడుకు ఎర్మెకే. ఆ ఇంట్లోంచి తల్లి సంచి పట్టుకుని కూతురింటికి పోవడమంటే ఏమిటో ఆ ఊళ్ళో కుక్కపిల్లక్కూడా తెలుసు. ఎర్మెక్ మొహం నల్లబడింది. అయినా మగపంతం, ఆగమనలేదు. మర్జాన్‌కి గొంతుదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఆమె అరటిపండంత కడుపులో మాంసమూ ఇలాగే ఆగుతుంది.

ఆ రాత్రి మళ్ళీ అదే కల. ఈసారి గాలి వచ్చినా తెర లేవలేదు. తెర ఎగిరిపోకుండా అంచులో సీసం గొలుసు పెట్టి కుట్టడం మర్జాన్ పనే. కలలో ఆ అంచు విప్పి చూసుకుంది. సీసం లేదు. లోపలినుంచి చక్కెర సన్నగా కారుతూనే ఉంది.

పొద్దున ఉల్బికె సంచి గుమ్మం పక్కన ఉంది. టాక్సీ మధ్యాహ్నం వస్తుంది. "నువ్వు పనికి వెళ్ళు తల్లీ. బల్జాన్ నీ కోసం చూస్తుంటుంది. మాట ఇచ్చాక తప్పకూడదు," అంది అత్తగారు. ఆ మొహంలోకి చూడటం కంటే బల్జాన్ ఇంటి కిటికీలు కొలవడమే తేలిక. మర్జాన్ వెళ్ళింది.

బల్జాన్ రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే పెద్దావిడ. పాత ఇల్లు, ఎత్తు కిటికీలు, బయట చెట్లన్నీ పూతలో ఉన్నాయి. గదంతా పాలలో ముంచినట్టు తెల్లటి వెలుగు. మర్జాన్ వెంట తెచ్చిన లేసు బట్ట కిటికీకి అడ్డంగా పట్టుకుంటే గోడ మీద నీడల పూలు పూశాయి.

"అబ్బ, ఎంత బావుందో! కూర్చో, కూర్చో. టీ తాగకుండా కొలతలేంటి? నీకు తిండి పడదని తెలుసులే. ఊరికే నోరు తాకించు."

బల్ల మీద జెంత్ పళ్ళెం. వేయించిన తృణధాన్యపు పిండి, వెన్న, చక్కెర కలిపి అచ్చు వేసిన మిఠాయి, చిన్న చిన్న పలకలుగా కోసి ఉంది. "నేను ముట్టుకోను తల్లీ, నాకూ చక్కెరే. ఇంటికొచ్చినవాళ్ళ కోసం చేసి పెడతాను," అంది బల్జాన్. తర్వాత తెర ఏ రంగు వెయ్యాలో, పోయిన భర్తకి ఏ రంగు ఇష్టమో చెప్పుకుంటూ పోయింది. మర్జాన్ వింటోంది. లేసు ఒళ్ళో ఉంది. వెలుగు ఊగుతోంది. మాటలు ఎక్కడో దూరంగా వాగు పారినట్టు వినిపిస్తున్నాయి. నోట్లో ఏదో తియ్యగా కరుగుతోంది, హాయిగా ఉంది. ఏమీ బరువు లేదు.

"ఇంకొంచెం తేనా?" అంది బల్జాన్.

మర్జాన్ కిందికి చూసింది. పళ్ళెం ఖాళీ. పొడి మాత్రం మిగిలింది. ఆ పొడిలో ఆమె వేలి గుర్తులు, ఆమె వేలి గుర్తులే. గదిలో ఇంకెవరూ లేరు.

తలెత్తి చూస్తే బల్జాన్ ఆమె వైపు చూడటం లేదు. కెటిల్ పట్టుకుని కిటికీ బయటికి చూస్తూ, "పూలు చూశావా తల్లీ, మంచులా లేదూ?" అంటోంది.

మర్జాన్ పళ్ళెం దూరంగా నెట్టింది. ఆ మాట ఆమె ఇంట్లో విన్నదే. ఆ మొహం తిప్పుకోవడం ఆమె ఇంట్లో చూసిందే. ప్రతి పొద్దునా చూసిందే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందంటారు. ఇక్కడ పిల్లి పరువు పోకూడదని ఊరే కళ్ళు మూసుకుంది.

అంటే అత్తగారికి తెలుసు. మొదటినుంచీ తెలుసు. తెలిసీ నిన్న రొట్టె తునకలు ఏరుకుంటూ, నా చెయ్యే అలాంటిది అంది.

కొలతల టేపు బల్ల మీదే మరిచిపోయి మర్జాన్ బయటపడింది. వీధిలో ఆయాసపడుతూ నడుస్తుంటే పాపం పంచడం మొదలుపెట్టింది మనసు. తిలాపాపం తలా పిడికెడు. పళ్ళెం పెట్టినవాళ్ళకి కొంత, బలవంతం చేసినవాళ్ళకి కొంత, ఆచారం పెట్టిన తాతముత్తాతలకి కొంత. ఎంతమందికి పంచినా పిడికిలి మాత్రం తనదే తేలింది. నోరు తాకించమన్నారు అందరూ. పళ్ళెం ఖాళీ చెయ్యమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆచారం రొట్టె తునకంతే అడిగింది. మిగతాదంతా తను ఆ ఆచారం పేరు చెప్పి తిన్నది.

గేటు దగ్గర టాక్సీ ఆగి ఉంది. ఎర్మెక్ తల్లి సంచి డిక్కీలో పెడుతున్నాడు. పని మానేసి వచ్చినట్టున్నాడు, చొక్కా మీద పిండి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్బికె తలగుడ్డ సర్దుకుంటూ చెట్టు కింద నిలబడింది. భుజం మీద నాలుగు రేకులు రాలాయి.

మర్జాన్ సంచి పిడి పట్టుకుని వెనక్కి లాగింది.

"వదులు, టైమవుతోంది," అన్నాడు ఎర్మెక్.

"నేను తిన్నాను."

"ఏంటి?"

"నేను తిన్నాను ఎర్మెక్. బల్జాన్ అపా ఇంట్లో పళ్ళెం జెంత్ తిన్నాను. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపే మూడిళ్ళలో తిన్నాను. మొన్నా తిన్నాను. నా కుట్టుమిషను సొరుగులో దారాల కింద చాక్లెట్లున్నాయి, వెళ్ళి చూడు. అపా నాకు ఏనాడూ బలవంతంగా పెట్టలేదు. మాంసం దారాల్లా చీల్చి పెట్టింది. నేను అది తోసేసి జామ్ తిన్నాను." సంచి పిడి ఆమె వదల్లేదు. "నిన్న డాక్టరు దగ్గర నోరెత్తలేదు. నువ్వు అపాని అన్ని మాటలంటుంటే కూడా నోరెత్తలేదు. తినడానికి తెరుచుకునే నోరు నిజం చెప్పడానికి తెరుచుకోలేదు నాకు."

టాక్సీవాడు రేడియో కట్టేశాడు. ఎర్మెక్ చేతిలోంచి సంచి జారింది. తల్లి వైపు తిరిగాడు, ఆవిడ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. "అపా, ఆ మాట ఎలా అన్నానో నేను..."

"చాల్లే. ఊరంతా చూస్తోంది, లోపలికి నడు. బాబూ, నువ్వు వెళ్ళు నాయనా. ప్రయాణం లేదు," అంది ఉల్బికె టాక్సీవాడితో.

లోపల మర్జాన్ అత్తగారి మోకాళ్ళ దగ్గర కూలబడింది. "మీకు తెలుసు కదా అపా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఉల్బికె కోడలి తల నిమిరింది. "మా అత్తగారు నా ముద్దలు లెక్కపెట్టేది. నీళ్ళు తాగినా గుటకలు లెక్కపెట్టేది. ఇంజు వాళ్ళ నాన్న కడుపులో ఉన్నప్పుడు పశువుల కొట్టంలో దాక్కుని రొట్టె తిన్నాను తల్లీ, పేడ వాసనలో. నా ఇంటికొచ్చే పిల్ల నోటి వైపు కన్నెత్తి చూడనని ఆరోజే ఒట్టేసుకున్నాను."

"అందుకని నా నింద మీరు మోస్తారా?"

"నింద మోస్తే ఒళ్ళు పెరగదులే," అంది ఉల్బికె. ఏడుస్తూనే ముగ్గురికీ నవ్వొచ్చింది.

నవ్వు ఆగాక మర్జాన్ ఆవిడ చేతులు పట్టుకుంది. "ఇకనుంచి లెక్కపెట్టండి అపా. నా ముద్దలు మీరే చూడండి. మీరు చూస్తుంటే నేను తినను."

"లెక్కపెట్టను."

"అపా!"

"పెట్టను గాక పెట్టను. ఆ కాపలా నాకప్పజెప్పి నువ్వు హాయిగా మళ్ళీ నిద్రపోదామనా? నేను కళ్ళు తిప్పుకుంటే తింటావు, చూస్తే దాక్కుని తింటావు. నాకు తెలీదా, కొట్టంలో తిన్నదాన్ని. నీ నోరు నీదే తల్లీ. దాని మంచీ చెడూ నీవే." ఆవిడ గొంతు మెత్తబడింది. "అయితే ఒకటి. మొహం తిప్పుకోవడం మర్యాద అనుకున్నానే, అది నా తప్పు. నువ్వు మునిగిపోతుంటే నేను చెట్టు మీద పూలు చూస్తూ కూర్చున్నాను. ఇక నీ వైపే చూస్తాను. లెక్కకి కాదు. తోడుకి."

మర్జాన్ ఆవిడ ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తలుపు దగ్గర ఎర్మెక్ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. రేపు ఏమవుతుందో ఆమెకి తెలీదు. సొరుగులో చాక్లెట్లు అక్కడే ఉన్నాయి, ఊళ్ళో కిటికీలన్నీ అక్కడే ఉన్నాయి. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి, ఈసారి తలెత్తి మాట్లాడాలి.

చాలాసేపటికి ఉల్బికె ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఒక్క మాట అడుగుతాను, ఆలోచించి చెప్పు. ఇప్పుడు నీకు ఆకలేస్తోందా?"

ఎన్నాళ్ళయిందో ఎవరూ ఆమెని ఆ మాట అడిగి. తనని తను అడగనూ లేదు. మర్జాన్ పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఎవరో పిలుస్తున్నారేమో అని చెవి ఒగ్గినట్టు కాసేపు కళ్ళు మూసుకుంది. లోపల అంతా నిశ్శబ్దంగా ఉంది.

"లేదు అపా," అంది. "ఆకలి లేదు."

"అయితే ఆ కొస పట్టుకో."

బల్ల మీద గిన్నెలన్నీ ఎర్మెక్ పక్కకి తీశాడు. అత్తాకోడళ్ళు దస్తర్‌ఖాన్ చెరో కొసా పట్టుకుని, ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ, నెమ్మదిగా మడిచారు.